సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని ఏవి చూడవచ్చు?

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ పండక్కి పిల్లలతో కావలిలోని పుట్టింటికి రానున్న ఒక సోదరి మూడు సంగతులు అడిగారు. అమ్మానాన్నలు, పిల్లలు ఒకే గదిలో ఇబ్బంది లేకుండా కూర్చుని చూడదగిన సినిమాలు ఏవి అన్నది మొదటిది. సాయంత్రం ఆరు దాటితే అమ్మగారు టీవీ ముందు నుంచి లేవడం లేదు, ఆ సీరియళ్ళు మాన్పించాలా అన్నది రెండోది. సమీక్షలనూ రేటింగులనూ ఎంతవరకు నమ్మవచ్చు అన్నది మూడోది. నేను సినిమా విమర్శకుణ్ణి కాను. డాబాల మీద పెద్ద డిష్‌లు నిలబెట్టిన రోజుల నుంచి ఈ ప్రాంతంలో కేబుల్ కనెక్షన్లు నడుపుతూ, ఎవరింట్లో ఏది చూస్తారో, ఏ వేళ ప్రసారం ఆగితే ఎక్కడెక్కడి నుంచి ఫోన్లు వస్తాయో దగ్గర నుంచి గమనిస్తూ, తీరిక దొరికినప్పుడు నేనూ చూస్తూ వచ్చినవాణ్ణి. ఇక్కడ రాసేవన్నీ ఒక మామూలు ప్రేక్షకుడి అభిప్రాయాలే. మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నా కొలత ఒక్కటే. తెర మీద కనిపించే మనిషికి ఒక పని ఉందా, ఆ పని చేస్తుండగా మనకు చూపించారా అని చూస్తాను. కథ రాసినవారికి ఆ మనిషి చేసే పని తెలిస్తే అతని రోజు ఎలా గడుస్తుందో తెలుస్తుంది, చేతిలో డబ్బు ఎంత ఆడుతుందో, ఎవరికి బాకీ పడ్డాడో, ఇంటికి ఏ వేళకు ఎంత అలసిపోయి వస్తాడో తెలుస్తుంది. అవి తెలిసిన తరువాత ఇంట్లో గొడవ ఎందుకు వచ్చిందో ప్రత్యేకంగా కుట్రలు పన్ని చూపించవలసిన అవసరం ఉండదు. ఆ పని తెలియనప్పుడే విషపు సీసాలు, మారిపోయిన ఉత్తరాలు, తలుపు చాటు నుంచి వినడాలు కథలోకి వస్తాయి. నాకు నచ్చిన సినిమాలన్నీ, నచ్చని సీరియళ్ళలో చాలా భాగం, ఈ ఒక్క కొలత దగ్గరే వేరుపడ్డాయి.

దీనికి నేను మొదట చెప్పే ఉదాహరణ 'దృశ్యం'. మలయాళంలో 2013లో వచ్చి, మరుసటి సంవత్సరం శ్రీప్రియ గారి దర్శకత్వంలో వెంకటేశ్ గారితో తెలుగులో వచ్చింది. అందులో కథానాయకుడు రాంబాబు కేబుల్ ఆపరేటర్. మా వృత్తివాణ్ణి తెర మీద చూసుకున్నామన్న సంతోషం ఉన్న మాట నిజమే కానీ, నేను మెచ్చుకునేది అందుకు కాదు. చిన్న ఊరిలో కేబుల్ నడిపేవాడికి ప్రతి ఇంటి గడపా తెలుసు. ఎవరు నెల మొదట్లో బిల్లు కడతారు, ఎవరు వాయిదాలు వేస్తారు, ఎవరింట్లో రాత్రి పదకొండు దాకా దీపం వెలుగుతుంది, టీ అంగడి దగ్గర ఎవరు ఏ మాట అన్నారు, ఇవన్నీ అతనికి అడగకుండానే తెలిసిపోతాయి. రాంబాబు పెద్దగా చదువుకోలేదు. రాత్రిళ్ళు ఆఫీసులోనే ఉండిపోయి సినిమాలు చూసిన అనుభవం, ఊరి మనుషులు దేన్ని గుర్తుంచుకుంటారో దేన్ని మరిచిపోతారో తెలిసిన నేర్పు, ఈ రెండే అతనికి ఉన్న బలం. తన కుటుంబాన్ని కాపాడుకోవడానికి అతను వేసే ప్రతి ఎత్తూ ఆ రెంటిలో నుంచే పుడుతుంది. అతన్ని బ్యాంకు గుమాస్తాగానో వ్యాపారిగానో మారిస్తే ఆ కథే నిలవదు. పదేళ్ళు దాటిన పిల్లలతో కలిసి చూడవచ్చు. కథకు మూలమైన సంఘటన ఆడపిల్లకు ఎదురైన వేధింపు కాబట్టి, అంతకంటే చిన్నవాళ్ళు ఉంటే వాళ్ళు పడుకున్నాక పెద్దలు చూడడం మంచిది.

మన ఊళ్ళ పేరు చెప్పుకోవలసి వస్తే 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'ను తప్పకుండా చూపించండి. కథ నడిచేది నెల్లూరులోనే. నవీన్ పోలిశెట్టి నటించిన ఆ యువకుడు చిన్న గదిలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుని, పెద్ద కేసులు దొరకక చిల్లర పనులు చేసుకుంటూ, రైలు పట్టాల పక్కన పడి ఉన్న ఒక శవం దగ్గర నుంచి పెద్ద చిక్కులో పడతాడు. మద్రాసు నుంచి విజయవాడ దాకా మన జిల్లాలను చీల్చుకుంటూ రైలు మార్గం సాగుతుంది కాబట్టి, పట్టాల పక్కన గుర్తు తెలియని శవం అన్న వార్త మనకు పేపర్లో చదివి మరిచిపోయేంత మామూలుది. దర్శకుడు స్వరూప్ ఆ మామూలు వార్త దగ్గరే ఆగి, ఆ మనిషి ఎవరు, ఇక్కడికి ఎలా వచ్చాడు అని అడిగారు. మొదటి అరగంట అంతా నవ్వు, ఆ తరువాత కథ గంభీరంగా మారుతుంది. చివరి భాగంలో విషయమంతా మాటల్లో విప్పి చెప్పడం కొంచెం ఎక్కువైందని నాకు అనిపిస్తుంది. అయినా నెల్లూరును కేవలం చేపల పులుసు కోసమో, యాసతో నవ్వించడం కోసమో వాడుకోకుండా, మనుషులు బతికే ఊరుగా చూపించినందుకు నాకు ఆ సినిమా మీద గౌరవం.

'మిడిల్ క్లాస్ మెలొడీస్' 2020 నవంబరులో థియేటర్లకు రాకుండా నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైంది. గుంటూరులో హోటల్ పెట్టాలనుకునే పల్లెటూరి కుర్రవాడు, అతని చేతి బొంబాయి చట్నీ, కొడుకు మీద నోరు పారేసుకుంటూనే వాడి కోసం పొలం గురించి ఆలోచించే తండ్రి, ఇదీ కథ. తండ్రిగా గోపరాజు రమణ గారి మాట తీరు, విసుగు, ఆ విసుగు వెనుక ఉన్న ప్రేమ చూస్తే మీ నాన్నగారు తప్పక నవ్వుతారు. అద్దెకు అంగడి వెతకడం, మొదటి రోజు గిరాకీ లేక చేసినవన్నీ మిగిలిపోవడం, రుచి కుదిరిందో లేదో తెలుసుకోవడానికి తినేవాడి ముఖంలోకి చూడడం, ఇవన్నీ తొందర లేకుండా చూపించారు. ప్రేమకథ మాత్రం నాకు పలచగా తోచింది.

హోటల్ అనగానే 'అమృతం' గుర్తుకు రావాలి. జెమినిలో 2001లో మొదలై 2007 వరకు 313 భాగాలు నడిచింది. గుణ్ణం గంగరాజు గారి సంస్థ తీసిన ఈ ధారావాహికలో అమృతరావు పాత్రను కొన్నాళ్ళు ఒకరు, కొన్నాళ్ళు మరొకరు చేసినా జనం పట్టించుకోలేదంటే, నటుల కంటే ముందు ఆ హోటల్, ఆ అద్దె ఇల్లు, ఆ ఇంటి యజమాని అప్పాజీ, ఎప్పుడూ చాలీచాలని ఆదాయం జనానికి సొంతమైపోయాయన్న మాట. గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు లేని అమృతాన్ని మాత్రం ఊహించలేము. ఒక్కొక్క కథ ఒకటి రెండు భాగాల్లో పూర్తవుతుంది కాబట్టి పిల్లలకు ఇది బాగా కుదురుతుంది. భోజనం ముందు ఒకటి, తరువాత ఒకటి పెట్టుకోవచ్చు. తెలుగు టెలివిజన్‌లో ఇంత శుభ్రమైన హాస్యం అంతకు ముందు దూరదర్శన్ 'ఆనందో బ్రహ్మ'లో చూశాము. దానితో ఇంటింటికీ పరిచయమైన ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు మన ప్రకాశం జిల్లావారే.

పాత సినిమాల విషయానికి వస్తే, 'మాయాబజార్' పేరు చెప్పడానికి నా అవసరం లేదు, కానీ పిల్లలకు దాన్ని ఎలా చూపించాలో చెబుతాను. 1957 నాటి ఈ చిత్రం నలుపు తెలుపుల్లోనే చూడాలని నా మనవి. 2010లో రంగులద్దిన ప్రతి ఉంది, పిల్లలు మారాం చేస్తే అదీ తప్పు కాదు. మొత్తం మూడు గంటలు ఒకేసారి కూర్చోబెట్టవద్దు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన దగ్గర నుంచి చూపించండి, వాళ్ళే మొదటి భాగం అడుగుతారు. అక్కడ సావిత్రి గారిని గమనించమని చెప్పండి. ఒళ్ళు శశిరేఖది, లోపల ఉన్నది రాక్షసుడు. 'అహ నా పెళ్ళియంట' పాటలో నాజూకుగా నడుస్తున్నట్టే నడుస్తూ ఉన్నపళంగా భుజాలు విరుచుకోవడం, సుశీల గారి గొంతు మధ్యలో ఘంటసాల గారి గొంతు దూరడం, ఎవరైనా చూశారేమోనని తడబడి మళ్ళీ సిగ్గు నటించడం, ఇదంతా కళ్ళతోనూ నడకతోనూ చేసిన పని. ఏ యంత్రమూ సాయం లేదు. మాయలు నేర్పే చిన్నమయగా రమణారెడ్డి గారు కనిపించినప్పుడు, ఆయన మన నెల్లూరు జిల్లావారని పిల్లలకు చెప్పండి. ఆ సినిమాలో పాండవులు ఒక్క సన్నివేశంలోనూ కనిపించరు. అది కనిపెట్టినవారికి ఏదైనా బహుమానం పెడితే శ్రద్ధగా చూస్తారు.

మీ అమ్మగారికి నేను 'మల్లీశ్వరి' సూచిస్తాను. బి.ఎన్.రెడ్డి గారు 1951లో తీసిన చిత్రం. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారు నటించి, పాటలు కూడా తామే పాడుకున్నారు. డబ్బు సంపాదించుకుని రమ్మని మల్లీశ్వరి తల్లి అన్న మాటకు బావ ఊరు విడిచి పోతాడు, అతను శిల్పాలు చెక్కి సంపాదించి తిరిగి వచ్చేలోపు పల్లకీ వచ్చి పిల్లను అంతఃపురానికి తీసుకుపోతుంది. ఇక్కడ దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. వాన రోజున ఆటగా అన్న ఒక మాట, డబ్బు మీద తల్లికి ఉన్న ఆశ, అంతే. సీరియళ్ళలో ఇంటికొక విలన్‌ను చూసి అలసిపోయిన కళ్ళకు ఈ కథ ఎంతో హాయినిస్తుంది. నిదానంగా సాగుతుంది, అది దాని స్వభావం.

'మల్లేశం' 2019లో వచ్చింది. తల్లి భుజం నొప్పి చూడలేక, నేతకు ముందు దారం పోగులు చుట్టే ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి జీవితం. కథ తెలంగాణదే అయినా వెంకటగిరి మగ్గాల చప్పుడు విన్న మనవాళ్ళకు ప్రతి దృశ్యమూ తెలిసినట్టే ఉంటుంది. 'బలగం' కూడా అంతే: పిండాన్ని కాకి ముట్టకపోవడం చుట్టూ అల్లిన కథ, మాటలు పూర్తిగా తెలంగాణవి, అయినా మా వైపు ఇళ్ళలో అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకోని చోట్ల ఆ సినిమా చూసి ఏడ్చినవారు నాకు తెలుసు. అయితే మీ ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయి ఉంటే పండగ రోజుల్లో అది పెట్టవద్దు. 'కేరాఫ్ కంచరపాలెం' మాత్రం మీరు, మీ వారు చూడండి. పిల్లలకు దాని నిదానం పట్టదు.

ఒంగోలు ప్రాంతం నుంచి వచ్చిన టి.కృష్ణ గారి 'ప్రతిఘటన' గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1985లో వచ్చింది. నడిరోడ్డు మీద అవమానం పొందిన అధ్యాపకురాలు మళ్ళీ తరగతి గదిలోకి వెళ్ళినప్పుడు, విద్యార్థులు నల్లబల్ల మీద గీసిన బొమ్మను చూసి ఆమె పాడే పాట తెలుగు సినిమాలో నన్ను కుదిపివేసిన సన్నివేశాల్లో మొదటిది. ఆమె పని చేసే చోటే, ఆమె పాఠం చెప్పే నల్లబల్ల మీదే ఈ రెండో అవమానం జరిగింది కాబట్టి దానికి ఆ బలం వచ్చింది. ముగింపు హింసతో కూడినది, దుస్తులు లాగే సన్నివేశం ఉంది. పెద్దపిల్లలతో, ముందుగా నాలుగు మాటలు చెప్పి చూపించదగినదే తప్ప పండగ సాయంత్రం పెట్టదగినది కాదు.

ఇక వద్దని చెప్పేవి. 'అర్జున్ రెడ్డి'లో నటన గొప్పది, తీసిన పద్ధతి కొత్తది, తల్లిదండ్రుల పక్కన కూర్చుని చూడలేము. 'పుష్ప' మొదటి భాగం నాకు నచ్చింది, ఎందుకంటే ఎర్రచందనం కూలీ ఎలా చెట్టు నరుకుతాడు, దుంగలు ఎలా దాస్తారు, పాలబండి కింద సరుకు ఎలా దాటిస్తారు అన్న పని అంతా అందులో ఉంది. రాపూరు, ఉదయగిరి అడవుల పక్క ఊళ్ళవారికి ఇది కొత్త సంగతీ కాదు. 2024లో వచ్చిన రెండో భాగానికి వచ్చేసరికి ఆ కూలీ మాయమై, పొగరు మాత్రమే మిగిలింది. పైగా నిడివి మూడు గంటల ఇరవై నిమిషాలు. 'బాహుబలి' రెండు భాగాలూ టీవీలో మీ పిల్లలు ఇప్పటికే చూసి ఉంటారు. అటువంటివి ఇంట్లో చూసి ప్రయోజనం లేదు. సూళ్ళూరుపేట దగ్గర దాదాపు 100 అడుగుల వెడల్పు తెర ఉన్న థియేటర్ 2019 నుంచి నడుస్తోంది, పెద్ద సినిమా ఏదైనా ఉంటే పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళండి.

ఇప్పుడు అమ్మగారి సీరియళ్ళ సంగతి. మాన్పించవద్దు. ముందుగా అవి ఎందుకు అలా ఉంటాయో చెబుతాను. వారానికి ఆరు రోజులు, రోజుకు అరగంట ప్రసారం అంటే ప్రకటనలు పోగా ఇరవై, ఇరవై రెండు నిమిషాల కథ రోజూ తయారు కావాలి. ఆ వేగంలో ఊళ్ళు తిరిగి తీయడం కుదరదు, కాబట్టి ఒకే పెద్ద ఇల్లు, ఒకే హాలు. హాలులో ఒకరు ఒక మాట అంటే, మెట్ల మీద ఉన్నవారు, వంటింటి గుమ్మంలో ఉన్నవారు, సోఫా వెనుక నిలబడినవారు, ఒక్కొక్కరి ముఖం మీదికి కెమెరా వెళ్ళి, ఉరుము లాంటి శబ్దం వచ్చి, మళ్ళీ మొదటి ముఖానికి తిరిగి వస్తుంది. కథ కదలకుండానే ఒక నిమిషం గడిచిపోతుంది. చాలామంది నాయికలు కర్ణాటక, కేరళ నుంచి వస్తారు, వారికి గొంతు వేరొకరు ఇస్తారు. అందువల్ల ముఖంలో కోపం ఒక పాళ్ళలో, గొంతులో కోపం ఇంకొక పాళ్ళలో ఉంటుంది. ఇవన్నీ ఆ వేగం తెచ్చిపెట్టిన లోపాలు, పని చేసేవారి అశ్రద్ధ అని నేను అనుకోను.

'కార్తీక దీపం' 2017 నుంచి 2023 వరకు నడిచింది. రాత్రి ఏడున్నరకు మా కేబుల్ ఆగితే క్షణాల్లో ఫోన్లు మోగేవి. ఆ సమయంలో స్తంభం ఎక్కి మరమ్మతు చేయడం మా కుర్రవాళ్ళకు పెద్ద పరీక్ష. ఎందుకంత ఆదరణ అంటే, మొదటి సంవత్సరాల్లో నాయిక దీప వంట చేసి బతికింది. నల్లగా ఉందని చిన్నచూపు చూసినవారి మధ్య, భర్త అనుమానించి వదిలేసినా, పొయ్యి ముందు నిలబడి తన పిల్లను పెంచుకుంది. వంటలక్క అన్న పిలుపు ఆమెకు ఆ పని వల్లే వచ్చింది. మా వైపు మెస్సులు నడిపే ఆడవాళ్ళు, పెళ్ళిళ్ళలో వంటకు వెళ్ళేవాళ్ళు ఆమెలో తమను చూసుకున్నారు. ఆ సీరియల్‌లో నాకు మింగుడు పడనిది ఆమె భర్త కార్తీక్, అందరూ పిలిచే డాక్టర్ బాబు. గుండె వైద్యం చేసే మనిషి, పిల్లలు తనవారో కాదో ఒక్క పరీక్షతో తేలిపోయే విషయాన్ని సంవత్సరాల తరబడి మోయడం వైద్య వృత్తినే చిన్నబుచ్చడం. అతని పని మీద రచయితలకు శ్రద్ధ ఉంటే ఆ కథ చాలా ముందే, చాలా గౌరవంగా ముగిసేది. 2022లో దీపను, కార్తీక్‌ను చంపి పిల్లలను పెద్దవాళ్ళను చేసి, కొన్ని నెలలకే మళ్ళీ ఇద్దరినీ తీసుకురావడం చూసి మా వీధిలో నొచ్చుకున్నవారు చాలామంది. మంజులానాయుడు గారి 'ఋతురాగాలు', 'చక్రవాకం', 'మొగలిరేకులు' ఇంతకంటే పొందికైనవి. వాటిలోనూ సాగదీత ఉంది, కానీ మనుషులు ఉద్యోగాలకు వెళ్ళి వచ్చేవారు.

మీ అమ్మగారు సీరియల్ చూసేది కథ కోసం మాత్రమే అనుకోవద్దు. మీరు బెంగళూరులో, నాన్నగారు అరుగు మీద, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ ఇంట్లో మాట వినిపించేది టీవీలోనే. మరునాడు పక్కింటావిడతో మాట్లాడుకోవడానికి ఒక సంగతి కూడా దొరుకుతుంది. మీరు ఉన్న నాలుగు రోజులు ఆమె పక్కన కూర్చుని ఒక్క సీరియల్ పూర్తిగా చూసి, ఆ కోడలు ఎందుకు నోరు విప్పదు అని ఆమెనే అడగండి. ఆమె చెప్పే విమర్శ నేను రాసిన దానికంటే పదునుగా ఉంటుంది. ఆ తరువాత 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్' చూపించండి. ఆరే భాగాలు, లెక్కల మాస్టారి ఇల్లు, నెల జీతంలో ఇద్దరు కొడుకుల్నీ కూతుర్నీ చదివించుకోవడం. శివాజీ గారు తండ్రిగా చేశారు. ధారావాహిక ముగియవచ్చునని, ముగిసినా తృప్తిగా ఉండవచ్చునని ఆమెకు అప్పుడు తెలుస్తుంది.

రేటింగుల గురించి అడిగారు. టీవీ చూసేవారి లెక్కలు కట్టే బార్క్ సంస్థవారు ఎంపిక చేసిన ఇళ్ళలో మీటర్లు పెట్టి, ఏ చానెల్ ఎంతసేపు నడిచిందో లెక్కగట్టి వారం వారం ప్రకటిస్తారు. అది ప్రకటనల ధర కట్టడానికి పనికివచ్చే లెక్క. టీవీ నడుస్తోందని చెబుతుందే తప్ప, చూస్తున్న మనిషి మెచ్చుకుంటున్నాడో, కూరగాయలు తరుగుతూ వింటున్నాడో చెప్పదు. నాకు వాటికంటే 2019 ఫిబ్రవరి ఎక్కువ నేర్పింది. కేబుల్, ఫోన్ సేవలను నియంత్రించే ట్రాయ్ సంస్థ కొత్త నిబంధన ప్రకారం ప్రతి ఇంటివారూ తమకు కావలసిన చానెళ్ళను తామే ఎంచుకుని, 130 రూపాయల మూల రుసుము, పన్ను పైన, పే చానెళ్ళకు విడివిడిగా డబ్బు కట్టవలసి వచ్చింది. కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగినప్పుడు, ఖర్చు తగ్గించమని మొదట అడిగినవారు కూడా పెద్ద తెలుగు వినోద చానెళ్ళను కొట్టివేయనివ్వలేదు. ఇరవై నాలుగు గంటల వార్తా చానెళ్ళు, మగవాళ్ళు గట్టిగా అడిగిన ఆటల చానెళ్ళు ముందుగా పోయాయి. బిల్లు గురించి మాట్లాడింది భర్త అయినా, ఏది ఉండాలో తేల్చింది లోపలి నుంచి వచ్చిన భార్య గొంతు. సమీక్షలను నేను ఒక్క విషయానికే చదువుతాను: అందులో ఏముంది, ఎంత నిడివి, పిల్లలకు తగనివి ఏమైనా ఉన్నాయా. చుక్కల సంఖ్య చూడను.

మీ నాన్నగారికి వినికిడి తగ్గిందని కూడా రాశారు. కొత్త సినిమాల్లో నేపథ్య సంగీతం మాటను మింగేస్తుంది, వాల్యూమ్ పెంచితే హోరు పెరుగుతుందే కాని మాట స్పష్టం కాదు. టీవీ సెట్టింగుల్లో శబ్దానికి సంబంధించిన చోట మాట స్పష్టంగా వినిపించే ఎంపిక చాలా సెట్లలో ఉంటుంది, సినిమా అన్న ఎంపిక నుంచి దానికి మార్చండి. ప్రైమ్ వంటి వాటిలో తెలుగు ఉపశీర్షికలు ఉన్నాయేమో చూసి పెద్ద అక్షరాలతో పెట్టండి. భోగి నాడు 'మాయాబజార్' పెడితే ఈ రెండింటి అవసరమూ ఉండదు. ఆ రోజుల్లో మాట వినపడడమే మొదటి నియమంగా తీశారు.